రోడ్డు అవతలి బడి

పోయిన వారం హానీని సోనీ ఇంటి గుమ్మం ముందు వదిలి వచ్చాం. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అది ఎందుకు ఆగిందో తెలియాలంటే నాలుగు మాటలు వెనక్కి వెళ్ళాలి.

చాంద్రాయణగుట్ట దగ్గర ఆ గల్లీలో రెండు గదుల సర్కారు బడి ఉంది. ఒక గదిలో తెలుగు మీడియం, ఇంకో గదిలో ఉర్దూ మీడియం. ఐదు తరగతుల పిల్లలకీ కలిపి గదికొక టీచరు. ఆ బడి మూసేసి, పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి పెద్ద బడిలో కలపాలని ఆర్డరు వచ్చింది. గల్లీ ఆడవాళ్ళు కోర్టుకెక్కారు. వాళ్ళను కూడగట్టి ముందు నడిచింది పాల సోనీ. డాక్టర్ ఉమ్మే హానీ చిన్నప్పుడు ఆ బడిలోనే సోనీ పక్కన చాప మీద కూర్చుని చదువుకుంది. ఇప్పుడు పిల్లల చదువుల మీద పరిశోధన చేసి, ఏం చేస్తే బాగుంటుందో సర్కారుకు సలహా చెప్పే కమిటీలో ఉంది. ఆమె మొదటి పుస్తకం, పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ఆడపిల్లల చదువు ఆగిపోతుందని చెప్పింది. నిరుడు రాసిన రిపోర్టు, ఒక్క టీచరున్న చిన్న బడుల్లో పిల్లలకు చదవడం రావట్లేదని చెప్పింది. రెండూ నిజమే. సోనీ తరఫు వకీలు మొదటిదాన్ని పట్టుకున్నాడు. సర్కారు వకీలు రెండోదాన్ని పట్టుకున్నాడు. రెండు వైపులా ఒకే మనిషి మాట వినపడేసరికి, ఆ మనిషినే రేపు పొద్దున తన ముందుకు రమ్మన్నాడు జడ్జి.

కోర్టులో మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి గనక సోనీకి మొదటి పుస్తకం సంగతే తెలుసు. రెండోది చెప్పడానికే హానీ వచ్చింది.

చెయ్యి తలుపు మీద పడకముందే తలుపు తెరుచుకుంది.

"అగో! గిట్ల నిలవడ్డవేందే, చుట్టమోలె? లోపలికి రా," అంది సోనీ. చేతిలో ఖాళీ బకెట్ ఉంది. సాయంత్రం పాలు పిండే వేళ. ముందు ఒక గది, దాని వెనక వంట చేసుకునే చోటు, ఆ వెనకాల రేకుల కొట్టంలో నాలుగు బర్రెలు. పచ్చిగడ్డి వాసన గది దాకా వస్తోంది.

"అత్తా, ఎవరొచ్చిన్రో సూడు. మన హానీ. రేపు జడ్జి ముందట మన దిక్కు మాట్లాడేది గీమెనే."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న కొమురమ్మ తలెత్తి చూసింది. "షౌకత్ బీ బిడ్డవు గదా. మా పోరగాండ్ల బడి నిలవెట్టు బిడ్డా. నీ కడుపు సల్లగుండ," అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

హానీకి ఆ దండం అందుకోవడానికి మనసు రాలేదు. వయసులో పెద్దామె చేతులు పట్టుకుని కిందికి దించింది. "గట్ల పెట్టకమ్మా," అని మాత్రం అనగలిగింది.

"వకీలు సారు నీ పుస్తకం సదివి చెప్పిండు," అంది సోనీ కుర్చీ లాగి వేస్తూ. "అండ్ల ఒక పిల్ల ఉందంట. ఐదు దాక సదివి, రోడ్డు దాటిచ్చెటోళ్ళు లేక ఇంట్ల కూసున్న పిల్ల. నేనే గదనే?"

"నువ్వే."

"పేరు రాయలేదేంది మరి?"

"రాయొద్దు సోనీ. గట్ల కాయిదా ఉంటది, మంది పేర్లు బయట పెట్టొద్దని."

"రాయాల్సుండె. నాకేం సిగ్గు? మా బిడ్డ స్వీటీకి సూపెట్టుకుందును." సోనీ పకపకా నవ్వింది. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఆ నవ్వు మాత్రం చాప మీద కూర్చున్నప్పటిదే.

ఆరో తరగతికి పెద్ద రోడ్డు దాటాలి. హానీ తండ్రి నజీర్ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. పనికి వెళుతూ కూతుర్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని అవతల దింపేవాడు. ముందు కడ్డీ మీద పనిముట్ల సంచి, వెనక క్యారియర్ మీద హానీ. ఇంకొకరికి చోటు లేదు. కొన్ని రోజులు సోనీ రోడ్డు ఇవతలి దాకా వచ్చి నిలబడింది. తరువాత రావడం మానేసింది. పెద్ద చదువులు చదివాక హానీ రాసిన మొదటి పుస్తకం అక్కడి నుంచే పుట్టింది. ఆ పుస్తకంతోనే ఆమెకు పేరు వచ్చింది, కమిటీల్లో కుర్చీ వచ్చింది. సోనీకి మాత్రం వకీలు చదివి వినిపించే దాకా ఆ సంగతే తెలియదు. తెలిశాక కోపం రావాల్సిన మనిషి సంబరపడుతోంది.

"సోనీ, నేనొక ముచ్చట చెప్పాలె..."

"చెప్దువు తియ్యి. ముందుగాల ఇది సూడు." సోనీ వెనక్కి తిరిగి కేకేసింది. "స్వీటీ! పుస్తకం పట్కరా. హానీ ఖాలాకు సదివి సూపెట్టు."

తొమ్మిదేళ్ళ పిల్ల రెండు జడలు ఊపుకుంటూ వచ్చింది. నాలుగో తరగతి. గోడకు ఆనుకుని నిలబడి, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టింది. చెరువు ఒడ్డున కొంగ కథ అది. ఎక్కడా తడబాటు లేదు. కొంగ మాట్లాడితే ఒక గొంతు, ఎండ్రకాయ మాట్లాడితే ఇంకో గొంతు. కొమురమ్మ చిక్కుడుకాయలు ఆపి మరీ వింటోంది.

"రేపు దీన్ని గూడ కోర్టుకు తీస్కపోత," అంది సోనీ మెల్లగా. "మా బడిల సదువు వస్తలేదని రాసిన్రంట గదా సర్కారోళ్ళు. జడ్జి ముందట నిలవెట్టి సదివిపిస్త. ఎవడు రాసిండో వానికి సప్పుడు గూడ రాదు."

సర్కారోళ్ళకు అది రాసిచ్చింది ఎదురుగా కూర్చున్న మనిషేనని సోనీకి తెలియదు. హానీ తల దించుకుని పిల్ల వైపే చూస్తోంది. అలా చూస్తుండగా ఒకటి కంటపడింది.

స్వీటీ పేజీ చివరి దాకా వచ్చింది. ఆగకుండా, 'అప్పుడు ఎండ్రకాయ ఏమన్నదంటే' అని మొదలుపెట్టి ఆ వాక్యమంతా చెప్పేసింది. ఆ తరువాత పేజీ తిప్పింది.

హానీ కొంచెం ముందుకు వంగి చూసింది. ఆ వాక్యం ఉన్నది తిప్పిన పేజీలో.

ఇలాంటి పిల్లల్ని ఆమె ఎన్ని బడుల్లో చూసిందో లెక్కలేదు. పక్క తరగతి వాళ్ళు చదువుతుంటే విని, టీచరు ఒక్కసారి చెబితే పట్టేసి, పాఠం పాఠమంతా అప్పజెప్పేస్తారు. చురుకైన పిల్లలే అలా దొరక్కుండా తప్పించుకుంటారు. ఒక గదిలో ఐదు తరగతులు పెట్టుకుని, అన్నం వండించి, సర్వేలకు తిరిగే ఒక్క టీచరు ఏ పిల్ల చదువుతోందో, ఏ పిల్ల అప్పజెబుతోందో ఎప్పుడు చూడాలి? నిరుటి రిపోర్టులో రాసింది సరిగ్గా ఇదే. కానీ రాసేటప్పుడు ఆ పిల్లకు రెండు జడలు లేవు, సోనీ ముక్కు లేదు.

ఇప్పుడేం చెయ్యాలి? మెచ్చుకుని ఊరుకుంటే ఈ సాయంత్రం చల్లగా గడిచిపోతుంది. రేపు సర్కారు వకీలు ఊరుకోడు. ఆ పుస్తకం తీసి పక్కన పెట్టి, వేరే కాగితం ముందు పెడతాడు. నిండు కోర్టులో, ఇంతమంది ముందు, ఆ పిల్ల నోరు మూగబోతుంది.

"స్వీటీ, గిటు రా బేటా," అంది హానీ. గోడ మీద దాణా దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉంది. నిగనిగలాడే బర్రె బొమ్మ, దాని కింద ఒక వరుస పెద్ద అక్షరాలు. 'మా దాణా తింటే మీ పశువుకు బలం.' "గది సదువు."

స్వీటీ క్యాలెండర్ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. బొమ్మ వైపు చూసింది.

"బర్రె... పాలు మంచిగిస్తది," అంది.

"బొమ్మ కాదు బేటా. కింద రాసింది."

"మా..." అంది స్వీటీ. వేలు పెట్టి రెండో మాట దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. "మా... మా బర్రె..."

కొమురమ్మకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. సోనీకి అయింది. ఐదు దాకా చదివిన మనిషే గదా. ఇన్నేళ్ళలో అచ్చక్షరం జోలికి పోకపోయినా ఆ ఒక్క వరుస ఆమెకు ఇప్పటికీ చదవడం వచ్చింది. కూతురికి రాలేదు.

"సదువే," అంది సోనీ. "సదువు! గింత పెద్దగున్నయ్ అక్షరాలు!" అని చెయ్యెత్తింది.

హానీ చటుక్కున లేచి పిల్లను వెనక్కి లాక్కుంది. "కొట్టకు. దాని తప్పు కాదు. దీనికి మస్తు తెలివుంది సోనీ, ఇన్నది ఇన్నట్టు యాదికుంచుకుంటది. గందుకే ఎవ్వరికీ తెల్వలే. రేపు దీన్ని కోర్టుకు తీస్కరాకు. వకీలు పుస్తకం మూయిపిచ్చి వేరేది సదువుమంటడు."

సోనీ ఎత్తిన చెయ్యి దించింది. హానీ ముఖంలోకి చూసింది.

"వకీలు గట్లనే అడుగుతడని నీకెట్ల ఎరుక?"

చెప్పడానికే వచ్చింది. చెప్పవలసిన చోటు కూడా ఇదే.

"గట్ల అడగాలని రాసింది నేనే. పిల్లలకు సదువొస్తలేదని సర్కారుకు చెప్పిన రిపోర్టు నాదే. సర్కారు దిక్కు కోర్టుల పెట్టింది గూడ నా మాటనే."

సోనీ బకెట్ తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. హానీ వెనకే వెళ్ళింది. దూడను విడిచి, రెండు గుటకలు తాగాక పక్కకు లాగి కట్టేసి, బర్రె పక్కన కూర్చుని పాలు పిండడం మొదలుపెట్టింది సోనీ. పాలు చేపుకొచ్చిన బర్రెను వదిలి లేస్తే మళ్ళీ చేపదు. కోపమైనా దుఃఖమైనా ఆ పని అయ్యేదాకా ఆగాల్సిందే. పాలధార బకెట్ అడుగున చుర్రుచుర్రుమంది.

"మాట్లాడు," అంది తల తిప్పకుండా. "చేతులే పన్ల ఉన్నయ్. చెవులు ఖాళీగనే ఉన్నయ్."

"మనం సదివినప్పుడు ఐదుగురు టీచర్లుండిరి. ఇప్పుడు గదికొక్కరే. ఉన్నోళ్ళు రిటైరైతే కొత్తోళ్ళను ఇస్తలేరు. చిన్న బడులకు ఇయ్యరంట. పెద్ద బడిల క్లాసుకొక టీచర్ ఉంటది. గక్కడికి పోతేనే స్వీటీకి సదువొస్తది. నేను అబద్ధం రాయలే సోనీ."

"నేను అబద్ధమన్ననా?" పాలధార ఆగలేదు. "రోడ్డు దాటితే ఆడపిల్లల సదువు పాడైతదని రాసింది నువ్వే. రోడ్డు దాటి పోవాలని రాసింది నువ్వే. ఏ మాట నమ్మాలె నీది?"

"ఉత్తగ పొమ్మనలే. బస్సు పెట్టాలని రాసిన. గల్లీ మొదట్ల ఎక్కిచ్చుకొని, బడి లోపల దించాలె. బస్సుల ఒక ఆయమ్మ ఉండాలె. బస్సు లేకపోతే బడి మూయొద్దని నేనే పట్టుబట్టిన."

"మా ఆర్డర్ల బస్సు ముచ్చటే లేదు."

"దానికి వేరే ఆర్డర్ ఇస్తరు."

"ఇచ్చిన్రా?"

ఇస్తారని కమిటీలో అందరూ తలూపారు. ఆ తలూపుడును నమ్ముకునే ఆమె తన పేరు కోర్టులో పెట్టనిచ్చింది. "ఇప్పుడే అడుగుత. నువ్వు గూడ ఇను," అని ఫోన్ తీసింది.

వైకుంఠం గారు ఆమెకు చదువు చెప్పిన గురువు. యూనివర్సిటీలో ఆమె పరిశోధనకు దారి చూపింది ఆయనే, సర్కారు ఆఫీసుల్లో కుర్చీ చూపించింది ఆయనే. ఆ కమిటీకి పెద్ద కూడా ఆయనే. హానీ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, సోనీకి ధైర్యం వస్తుందని.

"చెప్పమ్మా హానీ. రేపటికి తయారేనా?"

"సార్, పిల్లల బస్సు ఆర్డర్ ఎప్పుడొస్తది? రేపు జడ్జి అడిగితే చెప్పాలె గదా."

ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. "అది ఇప్పుడైతే తీసేసిన్రమ్మా. మొన్ననే తెలిసింది నాకు. రెండో దశల చూస్తమన్నరు. రేపు నువ్వు బస్సు జోలికి పోకు. టీచర్ల గురించి, చదువు గురించి మాట్లాడు, చాలు. అవునూ, ఆ కేసేసిన పాలామె నీ దోస్తేనంట గదా? జర నువ్వే ఒకసారి పోయి నచ్చజెప్పు. లొల్లి తగ్గుతది."

హానీ వేలు స్పీకర్ ఆపడానికి వెతుక్కుంది. ఆపినా ఏం లాభం? సోనీ అంతా విన్నది. బకెట్ నిండింది. లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, పాల మీది నురగ వైపు చూస్తూ నిలబడింది.

"నచ్చజెప్పెతందుకు వచ్చినవా?"

"కాదు. అల్లా కసమ్, నాకిది ఇప్పుడే తెలిసింది."

"తెల్వకుండ నీ పేరెట్ల పెట్టిచ్చినవే?" సోనీ ఆమె వైపు తిరిగింది. "నన్ను పుస్తకంల రాస్తివి. మంచిగయ్యింది అనుకుంటి, నా బాధ ఎవలకన్నా అక్కరకొచ్చింది అనుకుంటి. ఇప్పుడు నా బిడ్డను గూడ రాస్తవా? ఇరవై ఏండ్లకు స్వీటీ పక్కపొంటి ఎవతో కూసొని, 'ఆ పుస్తకంల ఉన్న పిల్ల నువ్వేనా' అని అడగాల్నా?"

హానీ గోడకు చేరగిలబడింది. కొట్టం రేకుల కింద ఇంకా ఎండ వేడి తగ్గలేదు.

"రేపు కోర్టుల ఏం చెప్తవ్?" అని అడిగింది సోనీ.

"నువ్వు చెప్పు. ఏం చెప్పమంటవ్?"

"ఉన్నది చెప్పు. నా బిడ్డకు సదువొస్తలేదని చెప్పు. బస్సు తీసేసిన్రని గూడ చెప్పు. సగం చెప్తే నువ్వు నాకొద్దు. నా దిక్కు సగం చెప్పినా వద్దే వద్దు."

అంతే. బకెట్ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. టీ తాగి పొమ్మనలేదు. ఆ ఇంట్లో హానీ టీ తాగకుండా బయటికి రావడం అదే మొదలు.

గడప మీద స్వీటీ కూర్చుని ఉంది. కొంగ కథ పుస్తకం ఒళ్ళో మూసి ఉంది. ఏడ్చి ఆపిన ముఖం. కొట్టంలో మాటలన్నీ వినే ఉంటుంది.

"ఖాలా, రోడ్డు అవతలి బడిల మా క్లాసొక్కదానికే ఒక టీచర్ ఉంటదా?"

"ఉంటది బేటా."

"నాకు సదువుడు నేర్పుతదా? నిజం సదువుడు?"

హానీ ఆ పిల్ల జడ సరిచేసింది. "నేర్పుతది," అంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

మర్నాడు పొద్దున తల్లి షౌకత్ బీ పెట్టిన రొట్టెను హానీ సగంలోనే పక్కన పెట్టింది. "క్యా సోంచ్‌రీ బేటీ? ఏం ఆలోచిస్తున్నవ్? తినిపో," అంది ఆమె. కూతురు కోర్టుకు వెళుతోందని మాత్రమే తెలుసు ఆమెకు. సాక్ష్యం చెప్పడం గొప్ప సంగతనుకుని ఇరుగుపొరుగుకు కూడా చెప్పి వచ్చింది.

నయాపూల్ దగ్గర ఆటో దిగేసరికి వంతెన మీద బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. కోర్టు వరండాలో గల్లీ ఆడవాళ్ళు ఒక గుంపుగా నిలబడ్డారు. బురఖాలు, చీరలు, చంకల్లో టిఫిన్ డబ్బాలు. సోనీ వాళ్ళ మధ్యలో ఉంది. స్వీటీని తీసుకురాలేదు. హానీని చూసి తల తిప్పుకోలేదు, పలకరించనూ లేదు.

వైకుంఠం గారు స్తంభం పక్కన ఎదురుచూస్తున్నాడు. తెల్ల చొక్కా, చేతికర్ర. ఈ మధ్య మోకాళ్ళు సహకరించడం లేదు.

"రాత్రి ఫోన్ ఎత్తలేదేమ్మా?"

"ఏం మాట్లాడాల్నో తెల్వలే సార్. బస్సు తీసేసిన్రని మీకు మొన్ననే తెలిసింది. నాకు చెప్పలే."

"చెప్తే నువ్వు ఇయ్యాల రాకపోదువు." ఆయన దాచుకోలేదు. "ఇను హానీ. నా జిందగీ అంత గీ కమిటీలల్లనే పోయింది. హాస్టల్ పిల్లలకు దుప్పట్ల కోసం కూసున్నప్పుడు మంచాలు గూడ అడిగిన. మంచాలు తీసేసిన్రు, దుప్పట్లు ఇచ్చిన్రు. కోపమొచ్చి లేచిపోతే దుప్పట్లు గూడ రాకుండె. ఇప్పుడు గూడ గంతే. ముందు క్లాసుకొక టీచర్ రానియ్యి. బస్సు తర్వాత తెచ్చుకుందం. లోపల కూసున్నోళ్ళే తేగలరు."

"దుప్పటి లేకపోతే సలి పెడ్తది సార్. బస్సు లేకపోతే పిల్లలు లారీల కింద పడ్తరు. లేకపోతే ఇంట్ల కూసుంటరు. రెండూ ఒకటెట్లయితయ్?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. "ఇయ్యాల నువ్వు అడ్డం తిరిగితే గీ ఒక్క బడి కాదు, అన్ని జిల్లాల ఫైలు మూలకు పడ్తది. ఎన్ని వేల మంది పిల్లలు గదికొక్క టీచర్ తోటి ఉండిపోతరో నీకంటే ఎక్కువ ఎవరికీ తెల్వదు, లెక్క దీసింది నువ్వే. ఇగ నిన్ను ఏ ఆఫీసర్ పిలువడు. మన చదువుకున్నోళ్ళ మాట మీద ఇంతో అంతో నమ్మకముండె, అది పోతది. బెదిరిస్తలేను బిడ్డా. ఉన్నది చెప్తున్న."

ఆయన నిజంగానే ఉన్నది చెబుతున్నాడు. మోసగాడైతే ఎదిరించడం తేలిక. నిన్న సోనీ చెప్పిందీ నిజమే, ఇవాళ ఈయన చెప్పేదీ నిజమే. ఇద్దరూ ఆమె రాసిన మాటలనే ఆమె చుట్టూ తడకలా కట్టి నిలబెట్టారు.

లోపల హాలు కిటకిటలాడుతోంది. నల్లకోట్లు, ఫైళ్ళు, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు. హానీ ముందు వరస బెంచీలో కూర్చుంది. ఒక పక్క వైకుంఠం గారు. సోనీ వాళ్ళు వెనక గోడ పొడుగునా నిలబడ్డారు. వేరే కేసులు నడుస్తుండగా తలుపు దగ్గర ఏదో కదలిక. బయట ఆగిన ఒక ఆడమనిషి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని సోనీకి సైగ చేస్తోంది. సోనీ బయటికి వెళ్ళింది.

వచ్చేటప్పుడు నడిచి రాలేదు. మనుషుల్ని తోసుకుంటూ, బంట్రోతు అడ్డం పడుతున్నా ఆగకుండా ముందు వరస దాకా వచ్చి హానీ భుజం పట్టుకుంది.

"స్వీటీ లేదు," అంది. "మా అత్త బడికి పోయిందనుకున్నది. టీచరమ్మనేమో పిల్ల రాలేదన్నది. సంచి ఏస్కొని పెద్ద రోడ్డు దిక్కు పోతుంటే పాన్‌డబ్బా అతను చూసిండంట. ఒక్కతే. పక్కింటి పిల్లకు చెప్పి పోయిందంట, పెద్ద బడికి పోతున్న, హానీ ఖాలా చెప్పింది, గక్కడ సదువు నేర్పుతరు అని."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. తెల్వదు. వాళ్ళ బాపు లెంకుతున్నడు, పెద్ద బడికి గూడ రాలేదంట ఇంక." సోనీ చెయ్యి వదిలేసింది. "నేను పోతున్న."

హానీ లేచింది. సోనీ అప్పటికే తలుపు దాటింది. ఒక్క అడుగు వేసేసరికి వెనక నుంచి వినపడింది, "డాక్టర్ ఉమ్మే హానీ!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. వైకుంఠం గారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు పోతే మళ్ళ నీకు మాట్లాడే మోకా రాదమ్మా," అన్నాడు మెల్లగా. ఆ సందడిలో సోనీ మాటలు ఆయన చెవిన పడలేదు. తలుపు వైపు పరుగెత్తాలా, పిలిచిన వైపు నడవాలా? హానీ చెయ్యి విడిపించుకుని, జడ్జి ముందుకే నడిచింది.

జడ్జి గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. వెనక ఉన్న ఆడవాళ్ళకు కూడా తెలియాలని కాబోలు, తెలుగులోనే అడిగారు.

"డాక్టర్ గారూ, వీళ్ళూ మీ మాటే చెబుతున్నారు, వాళ్ళూ మీ మాటే చెబుతున్నారు. పిల్లలు రోడ్డు అవతలి బడికి వెళ్ళాలా, వద్దా? మీరు ఏ మాట మీద నిలబడతారు?"

సర్కారు వకీలు పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వైకుంఠం గారు కళ్ళు మూసుకున్నాడు. హానీ రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"మై లార్డ్," అంది, "ఇప్పుడు, మనం ఇక్కడ మాట్లాడుతుండగా, ఆ రోడ్డు మీద ఒక పిల్ల ఉంది. తొమ్మిదేళ్ళది. బస్సు లేదు, వెంట ఎవరూ లేరు. చదువు నేర్చుకోవడానికి పోతోంది. ఆ పిల్లను పంపింది నేనే."